ఎడమ భుజం

మాళేగావ్ జాతరల గుర్రాల పోటీ
నేనెన్నడూ చూడలే.
ఇరవై రెండేండ్ల సంది గేటు నాది.
పోటీ రింగు నా వీపు దిక్కు,
నా మొఖం ఇటు,
సోయా కోసిన నల్లరేగడిల
పోటీకి ముందు
గుర్రాలు ఒళ్ళు ఎచ్చజేసుకునే జాగ దిక్కు.

పొద్దు పొడువంగనే దిగుతరు,
ఉద్గీర్, పర్భణి, మద్నూరు, బోధన్.
మల్లన్న అంటం మనం, ఖండోబా అంటరు వాళ్ళు.
పసుపొక్కటే,
జూలు మీద, మీసాల మీద.

రూలు రాసిన బోర్డు లేదీడ.
ఉన్న ఒక్క బోర్డు ఎరువుల కంపెనీది.
నోటితోనే చెప్త, వచ్చినోళ్ళకల్లా:
ఎదురైతే ఎడమ భుజానికి ఎడమ భుజం.
దౌడు తీసేటోనికి కంచె పక్క బాట,
మెల్లగ నడిచేటోడు లోపలికి జరగాలె.
ముందటి గుర్రం తోక నీ గుర్రం ముక్కుకు
తగిలిందంటే తప్పు నీదే.
తోకకు ఎర్ర పేలిక చూసినవా,
అది సింగారం కాదు బిడ్డా,
అది తన్నుతది.

పేలిక కట్టని ఓ దొర గుర్రం
నా ముందటి పండ్లు రెండు తీస్కపోయింది.
పటేలు ముందట, గుర్రం ఎనుక
నిలవొద్దనేటోడు మా తాత.
పటేండ్లు పోయిన్రు.
మాటల సగం ఇంక బతికే ఉన్నది.

ఈ ఏడు దెగ్లూరు నుంచి ఓ పిల్లొచ్చింది,
ముత్తెవ్వ, తొమ్మిదో తరగతి.
గుర్రం పేరు జొన్నరొట్టె.
తోకకు వాళ్ళమ్మ చీరంచు, ఎర్రది.
ఎవ్వలకు అడ్డం రాకుంట
మూలకే తిప్పుకుంటున్నది పాపం.

లాతూర్ పిలగాడొకడు
తెల్ల గుర్రాన్ని నడిబాటల ఆపి
ఫోన్ల మొఖం చూసుకుంటుండు.
చెవులల్ల పాట.
"బాట! బాట!" అని మొత్తుకున్నది పిల్ల.
మన బాట, వాళ్ళ వాట,
ఒక్క అక్షరం తేడా,
తెల్వని మాట కాదు.
చెవులల్ల పాట ఉన్నోనికి
ఏ భాషైతేంది?

జొన్నరొట్టె పక్కకు దుంకింది.
ఎనుక కాళ్ళు లేసినయ్,
వాని మోకాలికి జానెడు దూరంల
గాలిని తన్నినయ్.
పిల్ల రేగట్ల పడ్డది.
గుర్రం విడిచింది.

పండ్లు పోయిన సందుల కెల్లి
ఈల మస్తు వస్తది నాకు.
ఊదిన.
ఇరవై తొమ్మిది గుర్రాలు ఏడియాడ ఆగినయ్.
డప్పు కొట్టేటోడు డప్పు మీద
అరచెయ్యి పెట్టి పట్టుకున్నడు.
ఎవ్వడూ ఎంబడి ఉరకలే,
గుర్రం ఎంబడి ఉరికి గెలిచినోడు లేడు.
అవుతల మైకు పిలుస్తున్నది,
పదిహేడు నంబరు, పదిహేడు నంబరు.
నేను గేటు మూసిన.
తీసుడు ఎవనికన్నా వస్తది,
మూసుడు నా కొలువు.

పర్భణి ముసలాయన జేబుల కెల్లి
బెల్లంగడ్డ తీసి
ఊకె నిలబడ్డడు, ఎటో చూసుకుంట.
జొన్నరొట్టే వచ్చింది ఆయన కాడికి.

లాతూర్ పిలగాడు దిగిండు.
తన గుర్రం లగాము మా వాని చేతికిచ్చి
సీదా ఆ తోక దిక్కే నడుస్తుండు సాయానికి.
"ఎనుక పోకురా!" అన్న తెలుగుల.
ఆగిండు.
చుట్టు తిరిగి, గుర్రం కంటికి కనబడేటట్టు,
ఎడమ భుజం కాడికొచ్చిండు.
రెండు చేతులు కలిపి మెట్టు చేసిండు,
పిల్ల బురద కాలు ఆ మెట్ల మీదేసి ఎక్కింది.
తెల్ల అంగీ మీద రేగడి మరక.
ఒక్క మాట అనలే ఇద్దరూ.

కప్పు ఎవరికొచ్చిందో నాకెరుక లేదు.
పొద్దుగూకే ఏళకు వాడే వచ్చిండు,
చెవులు ఖాళీ.
ఎర్ర గుడ్డ దొరుకుతదా కాకా, అన్నడు మరాఠీల.
నా రుమాలు అంచు చింపిచ్చిన.
తన్నుతదా నీ గుర్రం, అని అడిగిన.
కొంచెం సేపు గుర్రాన్ని చూసిండు.
"తెల్వదు,
ఎన్నడూ ఎనుక నిలబడి చూడలే."